డొంకదారుల్లో ఒక రోజు ట్రెయిల్ రైడ్: బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల నడిపించే పద్ధతి

పది పన్నెండు మంది కలిసి రోజంతా మట్టిదారుల్లో బైకులు నడపాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది నేల సంగతి. బైకు సంగతి తర్వాత. కృష్ణకు అటూ ఇటూ గంట, గంటన్నర ప్రయాణంలోనే నాలుగు రకాల నేల తగులుతుంది. గుంటూరు వైపు నల్లరేగడి, జి.కొండూరు, మైలవరం వైపు ఎర్రనేల, గ్రావెల్, ఏటి పొడవునా ఇసుక, కొండపల్లి, కొండవీడు కొండల అంచుల్లో రాయి. ఒక్కో నేలకు ఒక్కో కాలం, టైర్లో ఒక్కో గాలి, హ్యాండిల్ మీద ఒక్కో పట్టు. కాలం చూసుకోకుండా దారి ఎంచుకుంటే మూడు లక్షల బైకు కూడా ట్రాక్టర్ ట్రక్కులోనే ఇంటికొస్తుంది.

ఏ నేలకు ఏ కాలం

ఇక్కడ రైడ్ చెడిపోయేది ఎక్కువగా రేగడి వల్లే. అరగంట వాన పడితే చాలు, అందులోని బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బి టైరును పట్టుకుంటుంది. మట్టికి మట్టి అంటుకుంటూ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు నిండిపోతుంది. ముందు చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ వెనక చక్రం గుంట తవ్వుకుంటుంది, క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. ఆ దశలో ఇంజన్ ఆపి, కర్రతో మట్టి గోకి, తోసుకుంటూ గట్టి నేల మీదికి రావడమే దారి. మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉండే బైకులు రేగడిలో అందరికంటే ముందు ఆగుతాయి.

రేగడి డొంక ఎక్కవచ్చా లేదా అన్నది చేత్తోనే తెలుస్తుంది. చక్రాల గాడిలోంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య పేనండి. విరగకుండా అగ్గిపుల్ల మందాన సాగితే ఆ దారి ఆ రోజుకు లేనట్టే. గట్టి వాన తర్వాత కనీసం మూడు నాలుగు రోజుల ఎండ తగలాలి. పూర్తిగా ఎండాక ఇంకో ఇబ్బంది ఉంది. ట్రాక్టర్ గాడులు అలాగే గట్టిపడిపోతాయి, వేసవికి నేల నెర్రెలిస్తుంది. గాడిలో దిగిన చక్రాన్ని పక్కకు తిప్పి బయటికి లాగాలని చూస్తే పడతారు. గాడిలోనే ఉండి, నిలబడి, దూరంగా చూస్తూ, గాడి లోతు తగ్గిన చోట బయటపడాలి.

ఎర్రనేల, గ్రావెల్ దారులు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతాయి. కొత్తవాళ్లను తీసుకెళ్లడానికి ఇవే మేలు, కాస్త తేమ ఉన్నప్పుడైతే టైరు పట్టు కూడా బాగుంటుంది. పూర్తిగా ఎండినప్పుడు మాత్రం గట్టి నేల మీద గుండ్రటి గ్రావెల్ రాళ్లు గోళీల్లా దొర్లుతాయి. మలుపులో ముందు బ్రేకు వేస్తే చక్రం చెప్పకుండా జారిపోతుంది. బ్రేకు పని మలుపుకు ముందే, బైకు నిటారుగా ఉన్నప్పుడే పూర్తి కావాలి.

ఏటి ఇసుకలోకి జూలై నుంచి అక్టోబర్ వరకు వెళ్లనే వద్దు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువ లంకల్లో నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. మిగతా నెలల్లో కూడా ఇసుక తవ్విన గుంటలు నీటితో నిండి పైకి చదునుగా కనిపిస్తాయి. నడిచి చూడని చోట బైకు దించకండి.

మొత్తం మీద నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. నవంబర్‌లో తుపాను హెచ్చరిక ఉంటే తేదీ మార్చుకోవడమే. మార్చి దాటాక హెల్మెట్, జాకెట్, బూట్లతో నిలబడి బైకు నడపడం వడదెబ్బను పిలవడమే. మే నెలలో బెజవాడలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. జనవరి తెల్లవారుజామున ఏటి పక్క, కాలవల పక్క పొగమంచు ఉంటుంది, ఏడున్నరకు ముందు కరకట్ట మీద వేగం పనికిరాదు.

పంటల క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు, పల్నాడు పల్లెల్లో కళ్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. పది బైకులు లేపే దుమ్ము మిర్చి మీద పడితే రంగు మందగిస్తుంది, యార్డులో రైతుకు ధర తగ్గుతుంది. విచ్చిన పత్తికీ అంతే. కళ్లం పక్కగా దారి ఉంటే ఆ దారి మార్చాలి. మార్చడం కుదరకపోతే నడక వేగంతో, ఒక్కొక్కరుగా దాటాలి.

దారి గీయడం, అనుమతులు

మట్టిదారి మొత్తం 50 నుంచి 60 కిలోమీటర్లు చాలు. మిశ్రమ గుంపుకు సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లకు మించదు, పంచర్లు, టీలు, ఫొటోలు కలుపుకుంటే అదే రోజంతా పడుతుంది. వంద కిలోమీటర్లు పెట్టుకున్న రైడ్లు చీకట్లో ముగుస్తాయి. డిసెంబర్‌లో ఐదున్నర దాటగానే వెలుగు తగ్గిపోతుంది. నాలుగింటికల్లా అందరూ తారు రోడ్డు ఎక్కేలా లెక్క వేయండి. చీకటి పడ్డాక పొలాల్లో ఉండకూడదనడానికి ఇంకో కారణం, అడవి పందుల కోసం కొన్నిచోట్ల దొంగతనంగా కట్టే కరెంటు తీగలు.

దారి ఆకారం ఎనిమిది అంకెలా ఉంటే మంచిది. ఉదయం ఒక చుట్టు, నడిమధ్యలో భోజనం, మధ్యాహ్నం రెండో చుట్టు. అలసినవాళ్లు భోజనం దగ్గరే ఆగిపోవచ్చు, ఆలస్యమైతే రెండో చుట్టు మొత్తం వదిలేయవచ్చు. ప్రతి పది కిలోమీటర్లకు ఒకచోటైనా తారు రోడ్డు అందేలా చూసుకోండి. కష్టమైన భాగాలు ఉదయమే రావాలి. అలసిన చేతులతో మధ్యాహ్నం రాళ్ల గుట్ట ఎక్కించడం నిర్వాహకుడి తప్పు.

దారిని రెండుసార్లు ముందుగా నడిపి చూడాలి. మొదటిసారి దారి కోసం, రెండోసారి రైడ్‌కు ఒకటి రెండు రోజుల ముందు, రైడ్ సాగే దిక్కులోనే. ఆ మధ్యలో ఎవరో కంప నరికి డొంకకు అడ్డం వేసి ఉంటారు, కాలవ గట్టు తెగి ఉంటుంది, కొత్తగా క్వారీ తవ్వి ఉంటారు. గట్టు లేని నేలబావులు, క్వారీ గుంటలు ఎక్కడున్నాయో జీపీఎస్ ట్రాక్‌లో గుర్తు పెట్టాలి. దారికి 20 మీటర్ల లోపు నేలబావి ఉంటే అక్కడ ఆ రోజు మనిషిని నిలబెట్టాల్సిందే.

కొండపల్లి, కొండవీడు పేర్లు వినగానే అందరి మనసూ కొండ మీదికే పోతుంది. అక్కడ చాలా భాగం రిజర్వు అడవి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. ఊళ్లో ఎవరో ‘ఏం కాదు, వెళ్లండి’ అన్నారని వెళ్లకండి, ఆ మాట చెప్పే అధికారం అటవీ శాఖకే ఉంది. రాతపూర్వకంగా అనుమతి రాకపోతే కొండ అంచున ఉన్న పోరంబోకు దారులతో సరిపెట్టుకోండి. కాలవ గట్లు జలవనరుల శాఖవి, గేటు వేసి ఉంటే దాన్ని దాటవద్దు. డొంకలు గ్రామ రికార్డుల్లో దారులుగానే ఉంటాయి గానీ, కొన్నిచోట్ల పక్క పొలాల్లో కలిసిపోయాయి. ఎక్కడిదాకా డొంక, ఎక్కడినుంచి పట్టా భూమి అన్నది ఆ ఊరి వీఆర్‌ఓనో సర్పంచ్‌నో అడిగితే తేలుతుంది.

పోలీస్ స్టేషన్‌కు తేదీ, దారి, బైకుల సంఖ్య, బాధ్యుడి ఫోన్ నంబరుతో ఒక ఉత్తరం ఇవ్వండి. రైడ్‌లో ఎక్కడా టైమ్ కొలవకండి, మొదటి స్థానం, రెండో స్థానం అనకండి. ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో రేసు గానీ వేగపు పోటీ గానీ పెట్టడం 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. బండి ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం పరిమితులు అన్న చోట కూడా చదివి చూడండి. రేసులు, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్, అద్దె వాడకం వర్తించవని సాధారణంగా ఉంటుంది. అందుకే ఫీజు తీసుకుని బైకులు అద్దెకిచ్చే పద్ధతి పెట్టుకోకపోవడమే క్షేమం. తోడు వచ్చే బండి డీజిల్, భోజనం ఖర్చు పంచుకుంటే చాలు.

ఎవరు ముందు, ఎవరు చివర

ఆరుగురికి ఒక గుంపు. పన్నెండు మంది వస్తే రెండు గుంపులు, మధ్య పది నిమిషాల ఎడం. ప్రతి గుంపుకూ ముందు ఒక లీడ్, చివర ఒక స్వీప్. చాలామంది బాగా నడిపేవాణ్ణి లీడ్‌గా పెడతారు. బాగా నడిపేవాడు ఉండాల్సింది స్వీప్‌లో. పడ్డ బైకును లేపేది, పంచర్ వేసేది, భయపడినవాడి బైకును గుట్ట దాటించేది అతనే. లీడ్‌కు దారి తెలిస్తే చాలు, అద్దంలో వెనక చూసే ఓపిక ఉంటే చాలు.

దారి చీలిన ప్రతిచోటా లీడ్ వెనకున్న రెండో బైకు ఆగుతుంది, లీడ్ ఎటు చూపిస్తే అటు ముఖం పెట్టి. మిగతావాళ్లు అతన్ని చూసి తిరుగుతారు. స్వీప్ వచ్చి తల ఊపేదాకా అతను కదలకూడదు. స్వీప్ రాగానే అతను స్వీప్‌కు ముందు చేరతాడు, తర్వాతి చీలికలో ఇంకొకరు ఆగుతారు. ఈ పద్ధతిలో మ్యాప్ తెలియనివాడు కూడా తప్పిపోడు, ఎవరి వేగం వాళ్లది. ఇది చెడిపోయేది ఒకే ఒక్క కారణంతో. ఆగినవాడు ‘ఎవరూ రావట్లేదు, చూసొద్దాం’ అని చోటు వదిలేస్తాడు. అరగంటైనా సరే, అక్కడే ఉండాలని పొద్దున బ్రీఫింగ్‌లో రెండుసార్లు చెప్పండి. స్వీప్ రాకపోతే వెనక్కి వెళ్లాల్సింది లీడ్ మాత్రమే.

బ్రీఫింగ్‌కు పది నిమిషాలు చాలు. పేరు, బ్లడ్ గ్రూప్, ఇంట్లోవాళ్ల నంబరు ఒక కాగితం మీద రాయించండి, దాని కాపీ స్వీప్ జేబులో ఉండాలి. చేతి సైగలు మూడే: ఎత్తిన చెయ్యి అంటే ఆగు, కిందకు ఊపితే మెల్లగా, తల మీద అరచెయ్యి పెడితే ‘నేను బాగానే ఉన్నా’. ఊళ్లలో 20 కిలోమీటర్ల వేగం, మోత పెట్టే సైలెన్సర్ ఉన్న బైకు రానే వద్దు. గేదెలు ఎదురైతే ఇంజన్ ఆపి పక్కకు నిలబడాలి. హారన్ కొడితే అవి బెదిరి పొలంలోకి దూకుతాయి, రైతుతో తగువు మీకు.

బైకు సిద్ధం చేసుకోవడం

హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటిది ఇక్కడి డొంకలకు సరిగ్గా సరిపోతుంది. 21 అంగుళాల ముందు చక్రం, 18 అంగుళాల వెనక చక్రం, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, బరువు 160 కిలోల అటూ ఇటూ. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ దాదాపు 200 కిలోలు. అది ఎక్కలేనిది అంటూ లేదు గానీ, పడ్డ ప్రతిసారీ లేపాల్సింది ఆ 200 కిలోలనే. ఎర్రనేల దారికైతే స్ప్లెండర్ కూడా వస్తుంది, రైతులు రోజూ ఎరువు బస్తా వేసుకుని దాని మీదే పొలానికి వెళ్తున్నారు. అరిగిన టైర్లతో మాత్రం ఏ బైకూ వద్దు.

క్లచ్, బ్రేక్ లివర్ల కోణం మార్చుకోండి. తారు రోడ్డుకు బిగించినట్టే ఉంచితే నిలబడ్డప్పుడు మణికట్టు పైకి వంగి, గంటలోపే ముంజేతులు బిగుసుకుపోతాయి. నిలబడి చెయ్యి చాచితే వేళ్లు తిన్నగా లివర్ మీద పడేంత కిందకు దించాలి. లివర్ క్లాంపు బోల్టులు కదలనంత బిగువే చాలు, అంతకు మించి బిగించకూడదు. పడ్డప్పుడు లివర్ మొత్తం హ్యాండిల్ చుట్టూ తిరిగిపోతుంది, విరగదు.

చైన్ లూజు మాన్యువల్ చెప్పిన గరిష్ఠానికి దగ్గరగా ఉంచండి. సస్పెన్షన్ లోపలికి దిగినప్పుడు చైన్ బిగుస్తుంది, పైగా మట్టి చేరుతుంది. బిగుతు చైన్ గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ బేరింగును తినేస్తుంది. వెనక ఏబీఎస్ ఆపే వీలుంటే మట్టి మీద ఆపేయండి, తారు ఎక్కగానే మళ్లీ వేసుకోండి.

గాలి ఎక్కువైతే చక్రం రాయి మీద ఎగురుతుంది, తక్కువైతే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. 70 కిలోల మనిషి, ట్యూబు టైర్లు అనుకుంటే గ్రావెల్‌కు, ఎండిన డొంకకు రెండు చక్రాల్లోనూ 20 పీఎస్‌ఐ, రాళ్ల గుట్టకు 22, ఇసుకకు 15 లేదా 16. ఇసుక నుంచి రాయి మీదికి వెళ్తుంటే మధ్యలో ఆగి గాలి కొట్టాల్సిందే. బద్ధకిస్తే అర కిలోమీటరులో పంచర్. గాలి తగ్గించినప్పుడు టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును లాగుతుంది. అందుకే వాల్వు మీది చిన్న నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి, మూత దాకా తిప్పి వదిలేయాలి. వాల్వు వాలినట్టు కనిపిస్తే టైరు జారిందని గుర్తు. గాలి తీసి సరిచేయండి, లేకపోతే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది, దానికి ప్యాచ్ పడదు.

మనిషి ఒంటి మీద: ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్, కళ్లకు గాగుల్స్, మోకాలి, మోచేతి గార్డులు, చీలమండ పైదాకా వచ్చే గట్టి బూట్లు, చేతికి గ్లవ్స్. స్పోర్ట్స్ బూట్లతో వచ్చినవాణ్ణి రైడ్‌కు రానివ్వకండి. కాలు బైకు కింద ఇరుక్కోవడం ఇక్కడ మామూలు విషయం.

గుంపు మొత్తానికి స్వీప్ సంచిలో ఉండాల్సినవి: ముందు చక్రం ట్యూబు ఒకటి (అవసరానికి 21 అంగుళాల ట్యూబును 18 అంగుళాల వెనక చక్రంలోనూ సర్దుకోవచ్చు), మూడు టైర్ లివర్లు, పంచర్ కిట్టు, చేతి పంపు, ప్రెషర్ గేజ్, యాక్సిల్ నట్లకు సరిపోయే స్పానర్లు, స్పార్క్ ప్లగ్ స్పానర్, క్లచ్ లివర్, బ్రేక్ లివర్, మీ చైన్ సైజుకు తగ్గ లింకు, జిప్ టైలు, ఇన్సులేషన్ టేపు, ఇంజన్ కేసు పగిలితే పూయడానికి ఎం-సీల్, పది మీటర్ల తాడు. ఈ సంచి వెనక టాటా ఏస్ ఒకటి తారు రోడ్ల మీద తోడు వస్తే రోజంతా నిశ్చింత. నడవని బైకును సాయంత్రానికి ఆటోనగర్‌కు చేర్చేది అదే.

సర్కారు తుమ్మ ముల్లు దిగితే

ఈ ప్రాంతంలో ఎక్కువగా వచ్చే పంచర్ ఇదే. ముల్లు కనబడగానే లాగేయకండి, ముందు టైరు మీద సుద్దతో గుర్తు పెట్టండి. టైరు అంచు రిమ్ము నుంచి విడిపోకపోతే ఇంకో బైకు సైడ్ స్టాండును దాని మీద ఆనించి, బైకును అటు వాల్చితే విడుతుంది. ట్యూబు తీశాక టైరు లోపల గుడ్డతో తుడవండి, వేళ్లతో కాదు. ఒక ముల్లు దొరికిందంటే ఇంకో రెండు ఉంటాయి. ప్యాచ్ చోట ట్యూబును గరుకు చేసి, సొల్యూషన్ పూసి, తడి పోయేదాకా ఐదు నిమిషాలు ఆగాలి. తొందరపడి అంటించిన ప్యాచ్ ఎండకు ఊడిపోతుంది. టైరు ఎక్కించేటప్పుడు చివరి జానెడు ఎక్కట్లేదంటే బలం చాలక కాదు, ఎదురు వైపు అంచు రిమ్ము మధ్య పల్లంలోకి దిగలేదు. అక్కడ మోకాలితో నొక్కి పెడితే ఇటు సులభంగా పడుతుంది. బలవంతంగా లివర్ వేస్తే కొత్త ట్యూబుకు మళ్లీ గాటు.

నడిపేటప్పుడు

కాళ్ల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, చేతులు వదులుగా ఉంచాలి. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నవాడికే ముందు అలసట. ఇసుకలో బరువు కొంచెం వెనక్కి వేసి, యాక్సిలరేటర్ ఒకేలా పట్టి, ముందు చక్రం ఊగినా ఊగనివ్వండి. ఊగుతుందని యాక్సిలరేటర్ వదిలితే ముందు చక్రం దిగబడుతుంది. గంటసేపు ఇసుకలో సగం క్లచ్‌తో నడిపితే క్లచ్ తేలిపోతుంది. లివర్ వదులు మారినట్టు అనిపించగానే పావుగంట చల్లారనివ్వండి.

గుట్ట ఎక్కుతూ మధ్యలో ఇంజన్ ఆగితే ముందు బ్రేకు మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి, చక్రం తిరగకపోయినా బైకు వెనక్కి జారుతుంది. గేర్‌లో ఉంచి క్లచ్ వదిలేస్తే వెనక చక్రం పట్టుకుంటుంది. ఆ తర్వాత గుట్ట ఎత్తు వైపుకు దిగి, క్లచ్ కొద్దికొద్దిగా నొక్కుతూ బైకును అడ్డంగా తిప్పుకోవాలి. దిగేటప్పుడు మొదటి గేరు, క్లచ్ నొక్కకుండా, వెనక బ్రేకు మెత్తగా.

వాగు దాటే ముందు ఒకరు నడిచి దాటాలి. మోకాలి లోతు దాటితే, లేదా ప్రవాహం కాలిని నెడుతుంటే వెనక్కి తిరగండి. నీళ్లు పారుతున్న చప్టా మీద పాచి ఉంటుంది, బ్రేకు, మలుపు, గేరు మార్పు ఏదీ వద్దు. బైకు నీళ్లలో పడి ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకు తెచ్చి, ఎయిర్‌బాక్స్ నీళ్లు వంపి, స్పార్క్ ప్లగ్ తీసి అప్పుడు సెల్ఫ్ కొడితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆయిల్ పాల రంగుకు తిరిగి ఉంటే ఆ బైకు టాటా ఏస్‌లోకే. నేల మీద పడ్డ ఫ్యూయల్ ఇంజెక్షన్ బైకు స్టార్ట్ కాకపోతే కంగారు వద్దు, వాలినప్పుడు ఇంజన్ ఆపే సెన్సార్ పని అది. తాళం ఆపి మళ్లీ తిప్పితే లేస్తుంది.

నీళ్లు, భోజనం, దెబ్బలు

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి, సగం సీసాలో చిక్కగా కలిపితే మేలు బదులు కీడు. భోజనానికి పెరుగన్నం, మజ్జిగ, అరటిపండు. మధ్యాహ్నం బిర్యానీ పెట్టించిన నిర్వాహకుడే సాయంత్రం పడినవాళ్లను లెక్కపెట్టుకోవాలి. ఎవరైనా చెమట ఆగిపోయి, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఎవరైనా గట్టిగా పడితే వెనకవాడు మలుపుకు ముందే బైకు అడ్డం పెట్టి మిగతావాళ్లను ఆపాలి. శ్వాస ఆడుతున్నంతసేపూ హెల్మెట్ తీయకండి, లేపి కూర్చోబెట్టకండి. పేరు అడగండి, వేళ్లు కదపమనండి. 108 వాళ్లు అడిగేది ఊరి పేరు, దగ్గరి తారు రోడ్డు. అందుకే దారి కాగితంలో ప్రతి ఐదు కిలోమీటర్లకు ఆ రెండూ రాసిపెట్టండి. గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్‌లలో ఏ భాగానికి ఏది దగ్గరో ముందే గుర్తించండి. గడ్డివాముల దగ్గర, గట్ల మీద రక్తపింజరి ఉంటుంది. కాటు పడితే కట్లు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం వద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి.

తారు ఎక్కగానే

స్వీప్ వచ్చాక తలలు లెక్కపెట్టుకుని, టైర్లలో మళ్లీ మాన్యువల్ చెప్పినంత గాలి కొట్టుకోండి. 16 పీఎస్‌ఐతో హైవే ఎక్కితే టైరు వేడెక్కి ట్యూబు పోతుంది. బ్రేకు ప్యాడ్ల మధ్య చేరిన మట్టిని నీళ్లతో కడిగి, రెండుసార్లు నొక్కి చూడండి. స్పోకులు ఒక్కోటీ వేలితో మీటండి, మొద్దు శబ్దం వచ్చినవి వదులైనట్టు, అవి బిగించాకే తర్వాతి రైడ్. రేగడి అంటిన బైకును ఆ రాత్రే కడగాలి. తెల్లారేసరికి గట్టిపడి రేడియేటర్, ఇంజన్ రెక్కల సందుల్లోంచి ఊడదు. ప్రెషర్ వాటర్‌ను చక్రాల బేరింగులకూ, చైన్ ఓ-రింగులకూ నేరుగా కొట్టకండి. ఆరాక చైన్‌కు ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ తీసి చూడటం, మరుసటి రోజు ఇంజన్ ఆయిల్ రంగు చూడటం.